ఎక్కడి దాకా బతికుంది?

"టీవీ పోయింది" అన్న మాట ఒక్కటే గానీ, దాని వెనక జబ్బులు డజను. ఎర్రలైటు కూడా వెలగనిది పోయినట్టే. లైటు వెలిగి, రిమోట్ నొక్కగానే నాలుగుసార్లు మిణుక్కుమని ఆగిపోయేదీ పోయినట్టే. సీరియల్లో మాటలు వినిపిస్తూ బొమ్మ మాత్రం చీకటైనా ఇంట్లోవాళ్లు అనేది అదే మాట. షాపుకి ఫోన్ చేస్తే అవతలి నుంచి వచ్చే జవాబూ తయారుగానే ఉంటుంది: "బోర్డు పోయి ఉంటుందండీ, లేదంటే ప్యానెల్. ఈ మోడల్‌కి బోర్డులు రావట్లేదు సార్. ఎక్స్‌చేంజ్‌లో కొత్తది తీసేసుకోండి."

ఆ మాట నిజమే కావచ్చు. కానీ మూత విప్పకుండా, ఒక్క కొలతైనా తీసుకోకుండా చెప్పేసిన మాట అది. ఎల్‌ఈడీ టీవీ లోపల వందల విడిభాగాలుంటాయి. వీటిలో ఏది పోయిందని ఒక్కొక్కటీ తడుముతూ కూర్చుంటే తెల్లవారుతుంది. పనితనమున్న మెకానిక్ అలా మొదలుపెట్టడు. గోడ ప్లగ్గు నుంచి తెర మీద వెలుగు దాకా కరెంటు నడిచే దారి ఒకటుంది. అందులో ఎక్కడి దాకా ప్రాణం ఉందో, ఎక్కణ్ణుంచి లేదో చూస్తాడు. దారి మధ్యలో ఒకచోట మీటరు పెడితే సగం టీవీ మీద అనుమానం తీరిపోతుంది. మిగిలిన సగానికి మళ్లీ మధ్యలో పెడితే పావు మిగులుతుంది. నాలుగైదు కొలతలు తిరిగేసరికి వేలు పెట్టి చూపించగలిగినంత చోటుకి చేరతాం.

మూత విప్పక ముందే తేల్చుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. టీవీ ప్లగ్గు తీసి అదే సాకెట్లో ఫోన్ ఛార్జర్ పెట్టి చూడాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద నడిచే టీవీ అయితే ముందు ఆ బాక్సునే అనుమానించాలి. వాటిలో రేకులు వదులైపోవడం మామూలే. తర్వాత రిమోట్. రిమోట్ ముక్కున ఉండే చిన్న ఎల్‌ఈడీ 940 నానోమీటర్ల దగ్గర ఇన్‌ఫ్రారెడ్ వెలుగు చిమ్ముతుంది. మన కంటికి ఆనదు గానీ ఫోన్ కెమెరాకి ఆనుతుంది. ఫోన్‌లో ముందువైపు కెమెరా తెరిచి, రిమోట్ దానివైపు తిప్పి బటన్ నొక్కితే ఊదారంగు చుక్క మెరవాలి. వెనక కెమెరాకి కొన్ని ఫోన్లలో ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపే గాజు గట్టిగా ఉంటుంది కాబట్టి దాన్ని నమ్మడానికి లేదు. చుక్క మెరవకపోతే బ్యాటరీలు మార్చి, టీవీ అంచునో కిందనో ఉండే బటన్ నొక్కి చూడాలి. ఆ తర్వాత ప్లగ్గు పూర్తిగా పీకేసి పది నిమిషాలు ఆగి మళ్లీ పెట్టాలి. ఇది చాదస్తమేమీ కాదు. పవర్ సప్లైలో రక్షణ కోసం పెట్టిన సర్క్యూట్ ఒకసారి బిగుసుకుంటే, లోపలి కెపాసిటర్లలో ఛార్జి పూర్తిగా దిగేదాకా వదలదు. లోపలి ప్రాసెసర్ చిక్కుకుపోయినా అంతే. రిమోట్‌తో ఆపి మళ్లీ పెట్టడం వల్ల ఆ ఛార్జి దిగదు, ప్లగ్గు పీకాల్సిందే.

వారంటీ ఉన్న టీవీ అయితే ఇక్కడే ఆగిపోవాలి.

లక్షణాన్ని బట్టి చోటు పసిగట్టడం మన మెకానిక్కులకి కొత్త విద్య కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు టీవీ చూపించిన 'సైట్' ప్రయోగంలో మన పల్లెలూ ఉన్నాయి. ఆ ఊళ్లలో పెట్టిన సెట్లు తయారైంది హైదరాబాద్ ఈసీఐఎల్‌లోనే. తర్వాత్తర్వాత ఈసీ, డయనోరా, సాలిడేర్ సెట్ల మీద చేయి తిరిగిన తరం ఒకటి తయారైంది. పిక్చర్ ట్యూబ్ మీద అడ్డంగా ఒక్క తెల్లగీత మాత్రమే కనిపిస్తే వాళ్లు గుమ్మంలోంచే "వర్టికల్ ఐసీ" అనేవాళ్లు. ఎలక్ట్రాన్ల పుంజం అటూ ఇటూ ఊగుతోంది గానీ పైకీ కిందకీ ఊగడం లేదు, అంచేత గీత. చూపుతోనే సగం టీవీ కొట్టేశారన్నమాట. ఆ ట్యూబు టీవీ ఇంకా అటక మీద ఉంటే మాత్రం ఇంట్లో విప్పకండి. ట్యూబు పక్కన రబ్బరు టోపీ కింద 25 వేల ఓల్టుల దాకా ఉంటుంది. ఇక్కడి నుంచి చెప్పబోయేదంతా ఎల్‌ఈడీ టీవీల గురించే.

చచ్చిన సెట్టే ఎక్కువ ప్రమాదం

వెనక మూత విప్పితే కనిపించేది చాలా తక్కువ. రేకు మీద రెండో మూడో బోర్డులు. పవర్ వైరు వచ్చి తగిలేది పవర్ సప్లై బోర్డు. హెచ్‌డీఎంఐ, యూఎస్‌బీ కన్నాలున్నది మెయిన్ బోర్డు. కొన్నిటిలో ప్యానెల్ దగ్గర టీకాన్ అనే చిన్న బోర్డు విడిగా ఉంటుంది. చిన్న టీవీల్లో మూడూ కలిపి ఒకే బోర్డు మీద వస్తున్నాయి.

పవర్ సప్లై బోర్డు మీద అన్నిటికన్నా పెద్ద నల్లటి డబ్బా ఒకటి ఉంటుంది, చాలాసార్లు పడుకోబెట్టి. అదే మెయిన్ కెపాసిటర్. దాని ఒంటి మీద 400 అనో 450 అనో ఓల్టులు రాసి ఉంటాయి. మన ఇంటి కరెంటు 230 ఓల్టులంటాం గానీ అది అలల లెక్కలో ఒకరకం సగటు. అల శిఖరం దగ్గర 325 ఓల్టులుంటుంది. నాలుగు డయోడ్ల వంతెన ఆ అలని ఒకే దిక్కుకి తిప్పితే, ఈ కెపాసిటర్ శిఖరం దాకా నిండి 325 ఓల్టుల డీసీని పట్టుకుని కూర్చుంటుంది. 100 మైక్రోఫారడ్ల కెపాసిటర్ అయితే అందులో దాగే శక్తి 5 జౌళ్ల పైమాట. అంకె చిన్నదే గానీ రెండు వేళ్ల మధ్య నుంచి ఒక్కసారిగా పోతే చిన్నది కాదు.

చాలామంది తిరగేసి అర్థం చేసుకునేది ఇక్కడే ఉంది. బాగా నడుస్తున్న టీవీకి ప్లగ్గు తీస్తే పవర్ సప్లై ఆ ఛార్జిని తనే లాగేసి కొద్ది క్షణాల్లో ఖాళీ చేస్తుంది. పవర్ సప్లై నడవని టీవీలో ఆ లాగే దిక్కు ఉండదు. ప్లగ్గు పీకి టేబుల్ మీద పెట్టి, టీ తాగొచ్చి ముట్టుకున్నా అందులో 300 ఓల్టులు ఉండొచ్చు. ఎర్రలైటు వెలగడం లేదంటే లోపల కరెంటు లేదని అనుకోకూడదు, ఎదురు అనుకోవాలి. మూత తీయగానే చేయాల్సిన మొదటి పని మీటరు డీసీ 600 లేదా 1000 దగ్గర పెట్టి ఆ కెపాసిటర్ రెండు కాళ్ల మధ్య చూడటం. ఓల్టులు కనిపిస్తే 230 ఓల్టుల ఫిలమెంట్ బల్బు హోల్డర్‌కి రెండు వైర్లు కట్టి, ఆ వైర్ల కొసలు కాళ్లకి ఆనించాలి. బల్బు చటుక్కున మెరిసి ఆరుతుంది, అంతే. మళ్లీ మీటరు పెట్టి సున్నాకి దగ్గరపడిందని చూసుకున్నాకే చెయ్యి పెట్టాలి. స్క్రూడ్రైవర్ అడ్డంపెట్టి టపీమనిపించే అలవాటు కొంతమందికి ఉంది. దాంతో బోర్డు మీద రాగిపట్టీలు లేచిపోతాయి, నిప్పురవ్వ కంట్లో పడుతుంది.

కరెంటు పెట్టి కొలిచేటప్పుడు కాళ్లకి పొడి చెప్పులుండాలి, ఒక చెయ్యి వెనక్కి ఉండాలి, ఇంట్లో ఇంకో పెద్దవాళ్లు దగ్గరుండాలి. పిల్లల్ని వేరే గదికి పంపేయాలి. ఇవి కుదరని రోజు ఆ పని పెట్టుకోకపోతేనే మంచిది.

ప్లగ్గు నుంచి 5 ఓల్టుల దాకా

దారిలో మొదటి మజిలీ ఫ్యూజు. బోర్డులోకి వైరు వచ్చే చోటే చిన్న గాజు గొట్టమో పింగాణీ గొట్టమో ఉంటుంది, 3.15 ఆంపియర్లనో మరొకటో రాసి. ప్లగ్గు తీసేసి మీటరు బజర్ మీద పెట్టి దాని రెండు కొసల మధ్య చూస్తే కూత రావాలి. రాకపోతే ఫ్యూజు పోయింది. అయితే ఫ్యూజు దానంతట అది పోదు, ఎవరో పోగొడతారు. గాజుదైతే లోపల చూడండి. తీగ మాత్రం తెగి గాజు తేటగా ఉంటే చిన్నపాటి అధికభారం. గాజు లోపలంతా నల్లగానో అద్దంలానో మసి పట్టి ఉంటే వెనకాల గట్టి షార్ట్ ఉంది. కారణం వెతక్కుండా కొత్త ఫ్యూజు వేస్తే అదీ అదే దారిన పోతుంది. ఫ్యూజు బదులు రాగి తీగ చుట్టేవాళ్ల చేతికి టీవీ ఇవ్వకండి.

పోగొట్టినవాళ్ల జాబితాలో మొదట చూడాల్సింది ఫ్యూజు పక్కనే ఉండే బిళ్ల. నీలం రంగులో రూపాయి బిళ్లంత ఉండి, ఒంటి మీద 471 లాంటి అంకె ఉంటుంది. దాన్ని వారిస్టర్ అంటారు. మామూలు ఓల్టేజీ దగ్గర అది ఉన్నా లేనట్టే, కరెంటు పోనివ్వదు. 470 ఓల్టుల చుట్టుపక్కలకి వస్తే మాత్రం ఒక్కసారిగా దారి వదులుతుంది. అది ఉండేది ఫేజుకీ న్యూట్రల్‌కీ అడ్డంగా కాబట్టి, కరెంటంతా దానిలోంచే దూకి ఫ్యూజుని కొట్టేస్తుంది. ఆ ప్రయత్నంలో అదీ పగిలి మసిబారుతుంది. తను పోయి వెనకున్న సరుకుని కాపాడటమే దాని ఉద్యోగం.

ఇది మన ఊళ్లలో ఎక్కువగా ఎప్పుడు జరుగుతుందంటే, వీధిలో న్యూట్రల్ తెగినప్పుడు. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మూడు ఫేజులు, ఒక న్యూట్రల్ వస్తాయి. మన ఇల్లు ఒక ఫేజు మీద, ఎదురిల్లు ఇంకో ఫేజు మీద ఉంటాయి, న్యూట్రల్ అందరిదీ. ఫేజుకీ ఫేజుకీ మధ్య 415 ఓల్టులు ఉంటుంది. న్యూట్రల్ తెగిందంటే రెండిళ్లూ ఒకదాని వెనక ఒకటి సిరీస్‌లో పడి ఆ 415 ఓల్టులని పంచుకుంటాయి. పంపకం సగంసగం ఉండదు. ఎదురింట్లో గీజర్ నడుస్తూ మన ఇంట్లో టీవీ ఒక్కటే ఉంటే, తక్కువ వాడుతున్న మనకే ఎక్కువ ఓల్టులు దక్కుతాయి, వాళ్ల బల్బులు మిణుకుతాయి, మన బల్బులు భగ్గుమంటాయి. 415 ఓల్టుల శిఖరం 587. మెయిన్ కెపాసిటర్ తట్టుకునేది 450. గాలివాన తర్వాత "మా లైన్లో అందరి టీవీలూ ఒకేసారి పోయాయి" అని వింటే ఇదే జరిగిందనుకోవచ్చు. దీనిలో ఒక మంచి వార్త ఉంది. వారిస్టర్ పగిలి, ఫ్యూజు పోయి, కెపాసిటర్ ఉబ్బకుండా ఉంటే లోపలిదంతా క్షేమంగా ఉండే అవకాశం బాగా ఉంది. రెండూ కలిపి కొత్తవి వేసినా యాభై రూపాయలు దాటదు. కొందరు వారిస్టర్ కత్తిరించేసి ఫ్యూజు మాత్రం వేసి పంపేస్తారు. టీవీ నడుస్తుంది, మళ్లీ న్యూట్రల్ తెగేదాకా.

వారిస్టర్ బాగుండి ఫ్యూజు పోయిందంటే డయోడ్ల వంతెన, మెయిన్ కెపాసిటర్, అల్యూమినియం రేకుకి బిగించిన, స్విచ్‌లా కరెంటుని తెంపి కలిపే మాస్‌ఫెట్ చూడాలి. మాస్‌ఫెట్ మూడు కాళ్లలో ఏ రెంటి మధ్య రెండు దిక్కులా బజర్ కూసినా అది షార్ట్ అయినట్టే. మాస్‌ఫెట్ పోయేటప్పుడు ఒంటరిగా పోదు; దాన్ని నడిపే ఐసీనీ, కాలి దగ్గరి చిన్న రెసిస్టర్‌నీ వెంట తీసుకుపోతుంది. ఇన్ని పోయాయంటే కొత్తవాళ్లు ఒక్కొక్కటీ మార్చుకుంటూ కూర్చోవడం కన్నా పవర్ సప్లై బోర్డే మార్చడం నయం. బోర్డు మీద తెల్లని అక్షరాల్లో నంబరు ముద్రించి ఉంటుంది. టీవీ మోడల్ పేరుతో వెతికితే "రావట్లేదు" అనే షాపుల్లోనే ఆ నంబరు చెబితే దొరకడం మామూలే. హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో అడిగేవాడు బోర్డు నంబరుతోనే అడుగుతాడు.

షార్ట్ తీసేశాక నేరుగా ప్లగ్గు పెట్టడం సాహసం. మన మెకానిక్కుల దగ్గర దీనికో పాత పరికరం ఉంది, సిరీస్ బల్బు. చెక్క ముక్క మీద ఒక హోల్డరు, ఒక సాకెట్. టీవీకి వెళ్లే ఫేజు వైరు 100 వాట్ల ఫిలమెంట్ బల్బులోంచి వెళ్లేటట్టు కడతారు. ప్లగ్గు పెట్టగానే బల్బు ఒక్క మెరుపు మెరిసి మసకబారితే కెపాసిటర్ నిండింది, లోపల షార్ట్ లేదు. నిండుగా వెలుగుతూనే ఉంటే షార్ట్ ఇంకా ఉంది, కానీ ఏమీ పేలదు. ఎందుకంటే వేడెక్కిన 100 వాట్ల ఫిలమెంటుకి 529 ఓమ్‌ల అడ్డు ఉంటుంది. అవతల నిలువునా షార్ట్ అయినా అర ఆంపియర్ కూడా దాటనివ్వదు. చల్లగా ఉన్నప్పుడు ఆ అడ్డు పదోవంతుకి దగ్గరగా పడిపోతుంది కాబట్టి మామూలు లోడుకి పెద్దగా అడ్డురాదు. అవసరమైతేనే అడ్డుపడే కాపలా, అదీ ఏ ఐసీ లేకుండా. ఎల్‌ఈడీ బల్బు ఈ పనికి రాదు. ఫిలమెంట్ బల్బులు బజారులో అరుదైపోతున్నాయి, కనిపిస్తే రెండు కొని దాచుకోండి.

ఇప్పుడు మెయిన్ కెపాసిటర్ దగ్గర 325కి అటూఇటూగా ఓల్టులున్నాయి, ఎర్రలైటు మాత్రం లేదు. అంటే దారిలో మొదటి సగం బతికుంది. తర్వాతి మజిలీ స్టాండ్‌బై 5 ఓల్టులు, మెయిన్ బోర్డుకి వెళ్లే కనెక్టర్ దగ్గర. అక్కడ పిన్నుల పక్కనే ఓల్టులు ముద్రించి ఉంటాయి. కొన్నిటిలో 5కి బదులు 3.3, కొన్నిటిలో నేరుగా 12. ఈ కొలతకి నల్ల ప్రోబు రేకు మీద పెట్టాలి. 325 కొలిచినప్పుడు మాత్రం మెయిన్ కెపాసిటర్ మైనస్ కాలి మీదే పెట్టాలి. బోర్డుని తిప్పి చూస్తే మధ్యలో రాగి ఏమాత్రం లేని ఖాళీ చార ఒకటి కనిపిస్తుంది. దానికి ఇవతల గోడ కరెంటుతో సంబంధమున్న వైపు, అవతల లేని వైపు. రెండింటి గ్రౌండ్లూ వేరు.

ఆ చారని ముఖ్యంగా దాటేవి రెండు. ఒకటి ట్రాన్స్‌ఫార్మర్, అయస్కాంత క్షేత్రంతో. రెండోది ఆప్టోకప్లర్ అనే నాలుగు కాళ్ల చిన్న నల్ల ముక్క, వెలుగుతో. అవతల ఓల్టులు ఎంత వస్తున్నాయో దాని లోపలి ఎల్‌ఈడీ ఇవతలికి వెలుగు రూపంలో చెబుతుంది, ఇవతలి ఐసీ దాన్ని బట్టి తగ్గిస్తుంది, పెంచుతుంది. ఇంత చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఇంత పెద్ద టీవీని ఎలా మోస్తుందన్న అనుమానం రావాలి. పాత స్టెబిలైజర్ ఎత్తినవాళ్లకి లోపలి ఇనుము బరువు గుర్తుండే ఉంటుంది. అది సెకనుకి 50 సార్లు ఊగే కరెంటుతో పనిచేసేది. ఇక్కడ మాస్‌ఫెట్ 325 ఓల్టులని సెకనుకి 60 వేలసార్లో లక్షసార్లో తెంపి కలుపుతుంది. చుట్టలో పుట్టే ఓల్టేజీ, అయస్కాంత క్షేత్రం ఎంత వేగంగా మారుతుందన్న దాని మీద ఆధారపడుతుంది. వేగం వెయ్యి రెట్లు పెరిగితే తక్కువ చుట్లూ, చిన్న కోరూ సరిపోతాయి. అంత వేగానికి ఇనుము లోపల సుడి కరెంట్లు పుట్టి కాలిపోతుంది కాబట్టి కరెంటుని తేలిగ్గా పోనివ్వని ఫెర్రైట్ వాడతారు.

5 ఓల్టులు లేవు, లేదా 2 దగ్గర ఊగిసలాడుతున్నాయి, చెవి పెడితే టిక్... టిక్... అని సన్నని చప్పుడు. ముందు మెయిన్ బోర్డుకి వెళ్లే కనెక్టర్ పీకేసి మళ్లీ కొలవాలి. 5 నిలబడితే పవర్ సప్లై నిర్దోషి, మెయిన్ బోర్డులో ఏదో షార్ట్ అయి దాన్ని కిందికి లాగుతోంది. నిలబడకపోతే తప్పు పవర్ సప్లైదే, అప్పుడు చూపు మళ్లాల్సింది కెపాసిటర్ల మీదికి.

ఎండిపోయే డబ్బాలు

ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ అంటే రెండు అల్యూమినియం రేకుల మధ్య ద్రవంలో నానిన కాగితం పెట్టి చుట్టి డబ్బాలో కుక్కినది. ఒక రేకు మీద ఉండే పలచని ఆక్సైడ్ పొరే అసలు పని చేస్తుంది. రెండో పలకగా పనిచేసేది ఆ ద్రవం. టీవీలో వయసుతో ఖాయంగా చచ్చే భాగం ఏదైనా ఉందంటే ఇదే. ద్రవం కొద్దికొద్దిగా రబ్బరు బిరడాలోంచి ఆవిరైపోతుంది. లోపల వాయువు పుడితే డబ్బా తల ఉబ్బుతుంది. ఒక్కసారిగా పేలకుండా ఆ తల మీద ముందే గాట్లు పెట్టి ఉంచుతారు. చదునుగా ఉండాల్సిన తల గుమ్మటంలా లేచినా, గాటు దగ్గర గోధుమరంగు మరక ఉన్నా, మీటరు అక్కర్లేదు. 1999 నుంచి 2007 దాకా ద్రవం తయారీలో లోపంతో కోట్ల కెపాసిటర్లు ఇలా ఉబ్బి ప్రపంచమంతా కంప్యూటర్లూ మానిటర్లూ ఆగిపోయాయి. దానికి కెపాసిటర్ ప్లేగు అని పేరే పడింది.

వీటి ఆయుష్షుకి తయారీదారులే ఒక లెక్క ఇస్తారు. ఒంటి మీద 105 డిగ్రీలని ఉన్న మామూలు రకం ఆ వేడిలో 2,000 గంటలు నిలుస్తుంది. 10 డిగ్రీలు తగ్గినప్పుడల్లా ఆయుష్షు రెట్టింపు. డబ్బా 85 డిగ్రీల దగ్గర నడిస్తే 8,000 గంటలు. రోజుకి 5 గంటల చొప్పున నాలుగున్నరేళ్లకి దగ్గరగా. 65 దగ్గర నడిస్తే 32,000 గంటలు, పదిహేడేళ్ల పైన. టీవీని గోడకి ఆనించి, పైన షోకేసు కట్టి, కన్నాల మీద లేసు గుడ్డ కప్పేవాళ్లు ఈ రెండు అంకెలూ ఒకసారి చూసుకోవాలి.

ఉబ్బని కెపాసిటర్ మంచిదని అనుకోవడానికి లేదు. ద్రవం ఎండితే తల చదునుగానే ఉంటుంది, లోపలి అడ్డు, అంటే ఈఎస్‌ఆర్, పెరిగిపోతుంది. చలికి ద్రవం ఇంకా మందగిస్తుంది. అందుకే కొన్ని టీవీలు పోయేముందు నెలల తరబడి సైగలు చేస్తాయి: డిసెంబరు పొద్దుటిపూట స్విచ్ వేశాక పది నిమిషాలకి గానీ రావు, తర్వాత అరగంట, తర్వాత అసలు రావు. జుట్టు ఆరబెట్టే డ్రయర్‌తో పవర్ సప్లై వైపు కాస్త వెచ్చబెడితే వచ్చేసిందంటే దొంగ కెపాసిటరే. అన్నిటికన్నా తప్పించుకు తిరిగేది పవర్ ఐసీ పక్కన నక్కిన బుల్లి డబ్బా, 22 లేదా 47 మైక్రోఫారడ్లు, 50 ఓల్టులు. ఐసీ తిండి దీని నుంచే. అది ఎండితే ఐసీ లేచి, ఆకలికి పడిపోయి, మళ్లీ లేస్తుంది. ఇందాకటి టిక్ టిక్ చాలాసార్లు అదే. ఐసీకి మొదటి చుక్క అందించే లక్షల ఓమ్‌ల రెసిస్టర్లు తెగిపోయినా ఇలాగే మౌనంగా ఉంటుంది, టిక్ కూడా ఉండదు.

మార్చేటప్పుడు మైక్రోఫారడ్లు అవే ఉండాలి, ఓల్టులు అంతే గానీ ఎక్కువ గానీ ఉండొచ్చు, 105 డిగ్రీల లో-ఈఎస్‌ఆర్ రకమే అడగాలి. ఒంటి మీద చార ఉన్న వైపు మైనస్. తిరగేసి వేస్తే కొత్త డబ్బా కరెంటు పెట్టిన కాసేపటికే పేలుతుంది. 1000 మైక్రోఫారడ్లు 10 ఓల్టులది ఉబ్బి ఉంటే 16 ఓల్టులది వేయడం నా సలహా. కాస్త పొడుగ్గా ఉన్నా చోటు సరిపోతుంది, పాతదాని కన్నా ఎక్కువ కాలం నిలుస్తుంది. సోల్డరింగ్ ఎప్పుడూ చేయనివాళ్లు మొదటి పాఠం టీవీ మీద నేర్చుకోకూడదు. పాత రేడియో బోర్డు మీద పది కాళ్లు ఊడదీసి పెట్టాక దీని దగ్గరికి రావాలి.

మాట ఉంది, బొమ్మ లేదు

ఎర్రలైటు వెలుగుతోంది, ఆన్ అవదు. లేదా కంపెనీ గుర్తు దగ్గరే బిగుసుకుపోయి మళ్లీ మొదటికొస్తుంది. ఇది మెయిన్ బోర్డు సంగతి. స్మార్ట్ టీవీల్లో సాఫ్ట్‌వేర్ దాచుకునే చిప్పు రాసి రాసి అరిగిపోవడం ఒక కారణం. కంపెనీ సైట్లో దొరికే ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసి ఎక్కించి చూడొచ్చు. దానికి లొంగకపోతే ఇంట్లో చేయగలిగింది పెద్దగా లేదు. పిడుగు కేబుల్ వైరు మీదుగా వచ్చి హెచ్‌డీఎంఐ కన్నంలోంచి కొట్టినా పోయేది ఈ బోర్డే. ఉరుములప్పుడు పవర్ ప్లగ్గు పీకి కేబుల్ వైరు వదిలేసేవాళ్లు సగం పనే చేస్తున్నారు.

మాట వినిపిస్తూ బొమ్మ చీకటైతే గది లైట్లు ఆర్పేసి టార్చి తెరకి ఆనించినంత దగ్గరగా ఏటవాలుగా వేసి చూడండి. ఆ వెలుగు పడ్డ చోట వార్తలు చదివే మనిషి మొహమో, ఛానెల్ నంబరో లీలగా కదులుతూ కనిపిస్తుంది. కనిపించిందంటే మెయిన్ బోర్డు, టీకాన్, ప్యానెల్ అన్నీ బతికున్నాయి. ద్రవ స్ఫటికాల తెరకి సొంత వెలుగు లేదు. వెనక నుంచి వచ్చే వెలుగుని ఎక్కడ ఆపాలో, ఎక్కడ వదలాలో చూసే తలుపులే అవి. తలుపులు ఆడుతున్నాయి, వెనక దీపం ఆరింది. లక్ష పెట్టి కొన్న టీవీకైనా, పది వేల టీవీకైనా ఈ పరీక్షకి ఖర్చు లేదు. "ప్యానెల్ పోయింది" అని చెప్పినవాళ్ల ముందే చేసి చూపించొచ్చు.

ఆ దీపాలు ప్యానెల్ వెనక పట్టీల మీద ఉంటాయి. ఒక్కో తెల్ల ఎల్‌ఈడీ నిజానికి నీలం ఎల్‌ఈడీ, మీద పసుపు ఫాస్ఫర్ పూత. ఆ నీలాన్ని సాధించినందుకే 2014లో అకసాకి, అమానో, నకమురాలకి భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. పూత వేడికి చెడితే బొమ్మంతా నీలి ఛాయలోకి తిరుగుతుంది. పోబోయే ముందు సూచన అది. ఒక్కోదానికి 3 ఓల్టులు కావాలి (కొన్నిటికి 6), వాటిని దండలా సిరీస్‌లో కడతారు. వినాయక చవితి పందిరికి కట్టే సీరియల్ సెట్టులో ఒక్క బల్బు పోతే వరసంతా ఆరినట్టే ఇక్కడా ఆరుతుంది. దండ తెగిందని డ్రైవర్ ఐసీ కనిపెట్టి మొత్తం ఆపేస్తుంది. అందుకే ఆన్ చేయగానే సెకనుపాటు తెర మెరిసి చీకటైపోతుంది. సిరీస్‌లో ఎందుకు కట్టాలంటే, అన్నిటిలోంచీ ఒకటే కరెంటు పోతేనే అన్నీ ఒకే వెలుగునిస్తాయి. విడివిడిగా కడితే తెర మచ్చలు పడుతుంది. ఆ దండ కొసల దగ్గర వంద ఓల్టులు దాటి ఉండొచ్చు, అక్కడా వేళ్లు జాగ్రత్త.

పట్టీలు మార్చాలంటే ప్యానెల్ గాజు ఎత్తాలి. అసలు పరీక్ష ఇదే. గాజు కింది అంచున సన్నని రిబ్బన్ లాంటి ఫిల్ములు బోర్డుకి అతికి ఉంటాయి, ఒక్కోదాని మీద ఒక చిప్పు. వాటిలో ఒకటి చిరిగితే నిలువు గీతలు మొదలవుతాయి, అప్పుడు నిజంగానే ప్యానెల్ పోతుంది. 32 అంగుళాల గాజు ఇద్దరు నాలుగు మూలలూ పట్టుకుని, వంచకుండా, ఒకేసారి ఎత్తి దుప్పటి మీద పెట్టుకోగలిగితే చేయొచ్చు. 43 దాటితే నా మాట విని మెకానిక్‌కి ఇవ్వండి, పట్టీలు మాత్రమే మార్చమని గట్టిగా చెప్పి. కింద తెల్ల షీట్లు ఏ వరసలో, ఏ ముఖం పైకి ఉన్నాయో ఫోటో తీసుకోకపోతే మళ్లీ పేర్చడం నరకం. చచ్చిన ఒక్క ఎల్‌ఈడీనే మార్చి మూసేస్తే, అదే వయసున్న మిగతావి నెలలు తిరక్కుండానే వరసకడతాయి. పట్టీల సెట్టు మొత్తం వేయడమే చవక. వేశాక సెట్టింగ్స్‌లో బ్యాక్‌లైట్ సగానికి కాస్త పైన పెట్టుకోవాలి. షాపులో మెరవడానికి పెట్టిన నిండు వెలుగులోనే ఏళ్ల తరబడి నడపడం వల్లే చాలా పట్టీలు మాడుతున్నాయి. బొమ్మ మీద తెల్లని గుండ్రని చుక్కలు మాత్రం వేరే సంగతి: ఎల్‌ఈడీల మీద అతికించిన ప్లాస్టిక్ కటకాలు ఊడి పడ్డాయి, అతికిస్తే సరిపోతుంది.

రాయి తగిలి పగిలిన తెర, నిలువునా రంగు గీతలు, సగం తెర తెల్లబడటం, వీటికి ఇంట్లో మందు లేదు. కొత్త ప్యానెల్ ధర కొత్త టీవీ ధరకి దగ్గర. అప్పుడు కూడా దాని పవర్ సప్లై, మెయిన్ బోర్డు పారేయకుండా వీధి చివరి మెకానిక్‌కి ఇస్తే ఇంకో టీవీ లేస్తుంది.

బాగైందనుకున్నాక వెంటనే మూత బిగించకండి. వెనక తెరిచే ఉంచి, ఎవరూ ముట్టుకోకుండా చూసి, రెండు గంటలు నడపాలి. 5 ఓల్టులు, 12 ఓల్టులు మొదట్లో ఎంతున్నాయో చివర్లోనూ అంతే ఉన్నాయా అని చూడాలి. ఆపేసి, చల్లారనిచ్చి, మళ్లీ ఆన్ చేయాలి. చల్లని స్థితి నుంచి లేవగలిగితేనే కెపాసిటర్ పని పూర్తయినట్టు. ఆపైన మెయిన్ కెపాసిటర్ ఖాళీ అయిందో లేదో ఇంకోసారి చూసుకుని మూత పెట్టాలి. విప్పేటప్పుడు స్క్రూలు ఏ కన్నంవి ఆ కన్నం పక్కనే టేపుతో అతికించుకుని ఉంటే ఇప్పుడు తేలిక. స్టాండుకి పట్టే పొడుగు స్క్రూ పొరపాటున మధ్య కన్నంలో బిగిస్తే కొస వెళ్లి ప్యానెల్ వెనక గుచ్చుకుంటుంది.